బడి నెన్నుకొను స్వాతంత్ర్యము

బిడ్డను ఏ బడికి పంపవలయునను ప్రశ్న ప్రతి సంసారమునందును ఒకనాడు పుట్టి తీరును. ఒక ప్రాంతమునందలి ప్రభుత్వపు బడులలో తమకు నచ్చినదానిని తల్లిదండ్రులే యెన్నుకొన వీలుండవలయునా, లేక యింటికి దగ్గఱనున్నదే బిడ్డకు బడియని యధికారులు నిర్ణయింపవలయునా యనునది అమెరికాలో ఏబది యేండ్లకు పైగా నడచుచున్న వాదము. అచ్చట ఇంటి చిరునామానుబట్టి బడి యేర్పడును. మన దేశమున అట్టి గట్టి హద్దులు బడులకు లేవు. ఐనను మన బిడ్డలు స్వేచ్ఛగా బడుల నెన్నుకొనిరని చెప్పుటకు వీలులేదు. కులము, ధనము, దూరము, భాష యను నాలుగు గీతలు మన బడుల చుట్టును ఉండినవి. వీనిలో ఏ గీత ఎప్పుడు చెరిగెనో, ఏది నేటికిని నిలిచియున్నదో తెలిసికొనుటకు గజపతినగరమువంటి యొక తాలూకా సీమను తీసికొని చూచుట మేలు.

గజపతినగరము చంపావతీ నదీ ప్రాంతమున, విజయనగరమునుండి సాలూరునకు పోవు దారిలో నున్నది. పూర్వము విజయనగర సంస్థానమునకును, విశాఖపట్టణము జిల్లాకును చేరిన సీమ యిది. 1979 వ సంవత్సరము జూన్ 1 వ తేదీన విజయనగరము జిల్లా యేర్పడినప్పుడు దానిలో చేరెను. 2011 జనాభా లెక్కలలో ఆ జిల్లాయందు అక్షరాస్యులు నూటికి 58.89 మంది. నేటి ఆంధ్రప్రదేశమునకు చెందిన 13 పాత జిల్లాలలో ఇదియే కడపటి సంఖ్య. గురజాడ అప్పారావుగారిని ఆదరించిన సంస్థానము, గిడుగు రామమూర్తిగారికి చదువు చెప్పిన పట్టణము గల సీమ అక్షరాస్యతలో కడపట నిలుచుట ఎట్లు సంభవించెను? బడులు చాలకపోవుట దీనికి కొంత కారణము. ఉన్న బడులలోనికి ఎవరు పోగలిగిరి, ఎవరు పోలేకపోయిరి యనునది తక్కిన కారణము.

ఇంగ్లీషు ప్రభుత్వము విద్యనుగూర్చి యోచించుటకు పూర్వమే మన యూళ్లలో వీథిబడు లుండెను. 1822 లో చెన్నపట్టణపు గవర్నరు సర్ తామస్ మన్రో యీ బడులను లెక్కింపుడని కలెక్టర్లను కోరెను. రాజధాని మొత్తమున 12,498 బడులును, వానిలో 1,88,650 మంది విద్యార్థులును ఉన్నట్లు 1826 నాటికి తేలెను. విశాఖపట్టణము జిల్లాలో 914 బడులు, 9,715 మంది విద్యార్థులు ఉండిరి. అనగా బడికి సగటున పది పదునొకండ్రు పిల్లలు. అరుగుమీదనో, చావడిలోనో, చెట్టుక్రిందనో అయ్యవారు కూర్చుండి ఇసుకలో అక్షరములు దిద్దించి, ఎక్కములు వల్లెవేయించి, శతకములు చెప్పి, లెక్కలు నేర్పుచుండెడివారు. గింజలు, కూరగాయలు, చిల్లర డబ్బు, దసరా దినములలో పిల్లలను వెంటబెట్టుకొని యింటింటికి పోయినప్పు డందు మామూలు—ఇవియే వారి జీతము.

ఈ పద్ధతిలో ఇంటి యజమాని యెన్నిక సంపూర్ణముగా నుండెను. అయ్యవారు నచ్చనిచో బిడ్డను మాన్పించి వేఱొక వీథిబడికి పంపుటకు ఎవరి యనుజ్ఞయు అక్కఱలేదు. పిల్లలు తగ్గినచో అయ్యవారి గింజలు తగ్గును. కావున ఆయనకు ఇండ్లవారియెడ భయభక్తు లుండెను. నేడు కొందఱు అర్థశాస్త్రజ్ఞులు కోరు స్వేచ్ఛ యంతయు ఆ యరుగులమీద నుండెనని చెప్పవచ్చును. కాని యా స్వేచ్ఛ యెవరిది? విశాఖపట్టణము జిల్లాలోని యా విద్యార్థులలో బ్రాహ్మణ బాలురు సగమునకు కొంచెము తక్కువ. రాజధాని మొత్తముమీద చదువుకొను 1,88,650 మందిలో బాలికలు 4,540 మంది మాత్రమే. గింజలు కొలువగల యింటికి ఎన్నిక యుండెను. కూలిగింజలపై బ్రతుకు నింటికి ఆ ప్రశ్నయే పుట్టలేదు. అగ్రహారపు టరుగు నెక్కరాని కులములవారికి ఊరిలో నాలుగు బడులున్నను ఒకటియు లేనట్లే.

1854 లో విద్యనుగూర్చి తాకీదు వచ్చిన పిమ్మట, ఎవరు బడి పెట్టినను నియమములకు లోబడినచో ప్రభుత్వము గ్రాంటు ఇచ్చు పద్ధతి ప్రబలెను. మిషనరీలు, జమీందారులు, పురప్రముఖులు బడులు పెట్టిరి. విజయనగరమున మహారాజావారు 1857 లో స్థాపించిన ఇంగ్లీషు పాఠశాల 1879 లో కళాశాలగా పెరిగెను. పట్టణమునందలి గృహస్థునకు సంస్థానపు బడి యొకటి, మిషను బడి యొకటి, వీథిబడి యొకటి కనబడసాగెను. తాలూకా గ్రామమునందలి గృహస్థు కొడుకును పట్టణమునకు పంపి, బస కుదిర్చి, భోజనమునకును జీతమునకును డబ్బు పంపవలసియుండెను. అందుచేత ఎన్నిక యనునది పట్టణవాసులకును, పొలముగల గ్రామస్థులకును మాత్రమే చేజిక్కెను.

ఆ కాలపు సంసారములలో ఈ ప్రశ్న యెట్లు చర్చింపబడెడిదో చూడగోరువారికి గురజాడవారి ‘కన్యాశుల్కము’ చాలును. 1892 లో మొదట ప్రదర్శింపబడి, 1897 లో అచ్చయిన యా నాటకమున కృష్ణరాయపురాగ్రహారీకుడైన అగ్నిహోత్రావధానులు కొడుకు వెంకటేశమునకు విజయనగరమున ఇంగ్లీషు చదువు చెప్పించుచున్నాడు. ఆ చదువునకై యగు కర్చును గూర్చి తండ్రి సణుగును. కొడుకు ఇంగ్లీషు చదివి పైకి రావలయునని తల్లి కోరును. ఆ యింటనే పసిపిల్లయైన సుబ్బిని డబ్బు పుచ్చుకొని ముసలివాడైన లుబ్ధావధానులకు కట్టబెట్టుటకు ఏర్పాట్లు జరుగుచుండును. ఒకే కప్పు క్రింద కొడుకునకు ఏ బడి మంచిదను తర్కము, కూతునకు ఏ ధర మంచిదను బేరము నడచెను. ఏ బడికి పంపవలయునని మనము తల్లిదండ్రుల నడుగునప్పుడు, ఆ యింటిలోని బిడ్డ లందఱినిగూర్చియు వారు సమాధానము చెప్పుదురని నమ్మరాదు. తల్లిదండ్రుల స్వేచ్ఛయు బిడ్డ హక్కును ఒకటి కావని సంస్కర్తలు నేర్చిన మొదటి పాఠ మిది. నేటికిని కొడుకును వాహనమెక్కించి జీతము కట్టు బడికి పంపి, కూతును ఊరి ప్రభుత్వపు బడికి నడిపించు సంసారములు లేకపోలేదు.

కులపు గీత మఱింత కాలము నిలిచెను. 1884 నాటి స్థానిక స్వపరిపాలనా శాసనముచే తాలూకా బోర్డులు, జిల్లా బోర్డులు ఏర్పడి, ప్రజల పన్నులతో బడులు నడుపసాగెను. పన్ను అందఱిది, బడి మాత్రము అందఱిదిగా లేకుండెను. బోర్డు బడులలో ననేకము అగ్రహారములలోను, దేవాలయ మంటపములలోను నుండుటచే, నాడు పంచములని పిలువబడిన కులముల పిల్లలు వాని గడప త్రొక్కుటకు వీలులేకపోయెను. 1919 లో చెన్నపట్టణ ప్రభుత్వము, ప్రజాధనముతో నడచు బడులు వారికిని తెఱచియుండవలయుననియు, వారు రాలేని చోటులనుండి బడులను మార్చవలయుననియు ఉత్తరువు చేసెను. బిడ్డకు బడిలో చోటున్నంత మాత్రమున చాలదనియు, బడి యెచ్చట నున్నదో, అచ్చటికి పోవు వీథి ఎవరి వీథియో చూడవలయుననియు ప్రభుత్వము గుర్తించిన దీ యుత్తరువు. 1920 నుండి లేబరు శాఖవారు ఆ కులముల పిల్లలకై ప్రత్యేకముగా బడులు తెఱచిరి. పాత బడి తలుపు తీయుట, క్రొత్త బడి పెట్టుట యను రెండు మార్గములును ఒకే కాలమున సాగినవి. పాత బడిలో వెనుక బల్లపై కూర్చుండి యవమాన మోర్చుటకంటె, తమ పేటలోని లేబరు బడియే మేలని తలచిన తల్లిదండ్రులను ఎవ్వరును తప్పుపట్టజాలరు. కాని యట్టిదానిని ఎన్నిక యనుట న్యాయము కాదు. రెండవ తలుపు మనసార తెఱచియున్నప్పుడే మొదటిదానిని ఎన్నుకొంటిమని చెప్పవచ్చును.

భాషా విషయమున గిడుగు రామమూర్తిగారి కృషి స్మరింపదగినది. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నున్న కాలమున సవరల భాష నేర్చి, ఆ భాషలో పుస్తకములు వ్రాసి, వారి పిల్లలకు బడులు పెట్టించిరి. బడి పక్కనే యున్నను, అయ్యవారి మాట అర్థము కానిచో అది కొండకవతల నున్న బడితో సమానమని ఆయన గ్రహించిరి. ఈ విషయము ముందు మరల వచ్చును.

1920 నాటి ప్రాథమిక విద్యా శాసనము నిర్బంధ విద్యకు దారి చూపెను. తాలూకా బోర్డులు 1934 లో రద్దయినవి. 1959 లో పంచాయతీ సమితులు ఏర్పడి ప్రాథమిక పాఠశాలలు వాని క్రిందికి, ఉన్నత పాఠశాలలు జిల్లా పరిషత్తుల క్రిందికి వచ్చెను. పిమ్మట మండల పరిషత్తులు సమితుల స్థానమును పొందెను. ఈ మార్పు లన్నిటిలోను పాలకుల యాశయ మొక్కటియే: ప్రతి యూరికిని ఒక బడి. ఆశయము గొప్పది. దానివలననే కూలివాని బిడ్డకు ఓనమాలు దక్కెను. కాని ఒక యూరికి ఒక బడి యన్నప్పుడు ఆ బడి చెడినచో రెండవది లేదు. 1964 నుండి 1966 వఱకు పనిచేసిన కొఠారీ సంఘము దీనికి విరుగుడు చెప్పెను: ఇరుగుపొరుగు పిల్లలందఱును, ధనికులు బీదలను భేదము లేక, ఒకే బడిలో చదువవలయును, అప్పుడు పలుకుబడి గల తండ్రులు తమ బిడ్డలకొఱకై యా బడిని బాగుచేయింతురు. ఈ మాట యుక్తమైనదే. కాని దేశము దాని నాచరింపలేదు. డబ్బు గలవారు మొదట వెడలిపోయిరి; వారి వెనుక కొంచెము గలవారును పోయిరి. ప్రొద్దుట పల్లెలనుండి పిల్లల నెక్కించుకొని పట్టణములవైపు పోవు పసుపువన్నె బస్సులే యిందుకు సాక్ష్యము. కొఠారీ సంఘము కోరిన బడిలో నేడు తక్కినవారు వెళ్లగా మిగిలిన పిల్లలే యున్నారు.

ఇల్లే బడిని నిర్ణయించు అమెరికాలో దీనికి మఱొక మార్గము వెదకిరి. కాలిఫోర్నియా రాష్ట్రమున సాన్ హోసే పట్టణపు ఆలం రాక్ అను బీదల విద్యామండలిలో 1972 లో ఒక ప్రయోగము ప్రారంభమయ్యెను. అందు ప్రవేటు బడులకు చోటులేదు. ఆ మండలిలోని 6 ప్రభుత్వపు బడులు మొదట చేరెను. ఒక్కొక్క బడిలోనే వేర్వేఱు బోధనారీతులు గల చిన్న బడుల నేర్పఱచి, వానిలో నొకదానిని కుటుంబములే కోరుకొనవచ్చుననిరి. దూరపు బడికి పోవు పిల్లలకు ఉచితముగా బస్సు నడిపిరి. బీదపిల్లవాని వెంట ఆ బడికి కొంత యధిక ధనము పోవునట్లు చేసిరి. పరిశోధకులు తేల్చిన దేమనగా, చాలమంది తల్లిదండ్రులు ఇంటికి దగ్గఱి బడినే కోరుకొనిరి. ప్రారంభమున చదువుకొన్న కుటుంబములకు తెలిసినంత వివరము చదువురాని కుటుంబములకు తెలియలేదు. ఏడాదులు గడచినకొలది ఆ యంతరము తగ్గెను. 1981 లో కేంబ్రిడ్జి పట్టణమువారు బడుల హద్దులనే తీసివేసి, తల్లిదండ్రులు వరుసగా తమ కిష్టమైన బడుల పేర్లు వ్రాసి యిచ్చునట్లును, ఒక్కొక్క జాతివారు ఒక్కొక్క బడిలో గుమిగూడకుండునట్లును నియమము చేసిరి. ఈ రెంటిలోను గమనింపవలసినది ఎన్నికకు ముందు చేసిన యేర్పాట్లు: బస్సు, సమాచారము, బీదవానికి అధిక ధనము, ఒక జాతివారే ఒకచోట చేరకుండ కట్టుబాటు.

మన ఆంధ్రదేశముననే ఎన్నికను పరీక్షించిన సందర్భ మొకటి కలదు. 2008 లో నాటి విశాఖపట్నము, తూర్పు గోదావరి, కడప, మెదకు, నిజామాబాదు జిల్లాలలోని 180 గ్రామములలో ఒక ప్రయోగము మొదలయ్యెను. ప్రభుత్వపు బడిపిల్లలకు చీట్లు వేసి, గెలిచినవారు ప్రవేటు బడిలో చేరుటకు జీతము చెల్లించిరి. సగము గ్రామములలో చీట్లు పంచి, తక్కిన సగమును పోల్చి చూచుటకు విడిచిరి. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అను అర్థశాస్త్రజ్ఞులు 2015 లో దీని ఫలితములను ప్రకటించిరి. నాలుగేండ్ల తరువాత తెలుగులోను, లెక్కలలోను, ఇంగ్లీషులోను, సామాన్య సాంఘిక శాస్త్రములలోను చీటి గెలిచిన పిల్లలకును ఓడిన పిల్లలకును భేదము కనబడలేదు. ప్రభుత్వపు బడులలో లేని హిందీని మాత్రము గెలిచినవారు బాగుగ నేర్చిరి. ఒక్కొక్క పిల్లవానిపై ప్రవేటు బడి చేసిన కర్చు ప్రభుత్వపు బడి కర్చులో మూడవ వంతునకు తక్కువ.

ఈ ఫలితమునుబట్టి ఇరుపక్షములవారును తమకు కావలసిన మాట నేఱుకొనిరి. తక్కువ కర్చుతో అంతే చదువు వచ్చినదని యొకరు, జీతము కట్టు బడికి పోయినను చదువు పెరుగలేదని యొకరు. సంసారులకు దీనివలన నేర్వదగిన విషయము వేఱొకటి యున్నది. ప్రవేటు బడిపిల్లలు పరీక్షలలో ముందుండుటకు కారణము చాలవఱకు ఆ బడి కాదు. ఆ పిల్లల యిండ్లు. తల్లికి చదువు వచ్చుట, ఇంట దీపము, తీరిక, తిండి—ఇవి ముందుగనే యున్న పిల్లలే యా బడులకు పోవుచున్నారు. మెడపట్టీయు, బూటును చూచి మురిసి, సగము సంపాదనను జీతముగ పోయు కూలికుటుంబము ఈ సంగతి తెలిసికొనియుండుట మంచిది.

భాషా ప్రశ్న మరల 2019 లో లేచెను. ప్రభుత్వపు బడులన్నిటిలో ఇంగ్లీషు మాధ్యమమునే నిర్బంధించుచు రాష్ట్ర ప్రభుత్వ ముత్తరువు చేయగా, ఉన్నత న్యాయస్థానము 2020 ఏప్రిల్ 15 వ తేదీన దానిని కొట్టివేసెను. అంతట ప్రభుత్వము గ్రామ వాలంటీర్లచే తల్లిదండ్రుల యభిప్రాయమును వ్రాయించెను. నూటికి 96.17 మంది ఇంగ్లీషునే కోరిరని ప్రకటించెను. తెలుగు నభిమానించువారు ఈ సంఖ్యను చూచి కోపింపరాదు. తమ బిడ్డ వెనుకబడునేమోయను భయము దీనిలో నున్నది. పసుపు బస్సులో పోవు బిడ్డకు దొరకునది తన బిడ్డకును దొరకవలయునని ఆ తల్లి కోరెను. కాని యామెను అడిగినది ఏ భాష యని. ఏ బడి యని కాదు. బోధించు నుపాధ్యాయుని కా భాష యెంత వచ్చునో, తన బిడ్డ మొదటి తరగతిలో ఎంత గ్రహించునో ఆమెకు చెప్పినవారు అరుదు. సవరపిల్లల విషయమున గిడుగువారు గ్రహించిన సత్యమునకు ఆ పత్రమున గడి లేకుండెను.

దూరపు గీత నాలుగింటిలో మొండిది. 2010 ఏప్రిల్ 1 నుండి యమలుకు వచ్చిన విద్యాహక్కు శాసనము ప్రతి బిడ్డకు చేరువలో బడి యుండవలయుననెను. 2022 జూన్ నెలలో 117 వ సంఖ్యగల యుత్తరువుచే రాష్ట్ర ప్రభుత్వము మూడు, నాలుగు, అయిదు తరగతులను దాపుననున్న ఉన్నత పాఠశాలలలో కలిపెను. విషయమున కొక యుపాధ్యాయుడు దొరకునని దాని యుద్దేశము. ఉద్దేశము మంచిదైనను, ఎనిమిదేండ్ల పిల్ల రాకపోకల రహదారిని దాటి పోవలసివచ్చిన యూళ్లలో తల్లులు అభ్యంతరము చెప్పిరి. 2025 లో ఆ యుత్తరువును రద్దుచేసి, తరగతికొక యుపాధ్యాయు డుండు ఆదర్శ ప్రాథమిక పాఠశాలలను ఏర్పఱచిరి. ఒక ప్రభుత్వము కలుపుటయు, మఱొకటి విడదీయుటయు జరిగెను. రెండుమారులును బిడ్డను నడిపించు తల్లి యడుగబడుట తక్కువ.

నవోదయ విద్యాలయములు, గురుకుల పాఠశాలలు ప్రభుత్వము పెట్టిన మేలైన బడులు. వానివలన ఎందఱో బీదబిడ్డలు పైకి వచ్చిరి. కాని ప్రవేశ పరీక్షగల యట్టి బడులలో బిడ్డను బడి యెన్నుకొనును. కుటుంబ మెన్నుకొనుట లేదు. ప్రవేటు బడులలో నాలుగవవంతు స్థానములను బీదలకిచ్చు నియమము మన రాష్ట్రమున 2022–23 నుండి యమలుకు వచ్చెను. అది కొందఱికి దారి. మండలములోని ప్రభుత్వపు బడులలోనే మంచిదానిని వెదకుకొను తక్కినవారికి దారి యేది?

ఆ దారి చట్టమున కొంత యున్నది. విద్యాహక్కు శాసనము 5 వ విభాగము ప్రకారము, ఏ కారణముచేతనైనను బిడ్డ యొక బడినుండి మఱొక ప్రభుత్వపు బడికి గాని, ఎయిడెడ్ బడికి గాని మారగోరవచ్చును. ప్రధానోపాధ్యాయుడు బదిలీపత్రమును వెంటనే యియ్యవలయును. పత్రము ఆలసించినదని క్రొత్త బడివారు చేర్చుకొనుట మానరాదు. పనులకై విశాఖకును, హైదరాబాదునకును వలసపోయి వచ్చు నుత్తరాంధ్ర కుటుంబములకు ఇంతకంటె నుపకరించు వాక్యము ఆ చట్టమున లేదు. దీనిని తెలిసిన తల్లిదండ్రులు మాత్రము కొలదిమంది.

కావున మండల మొక్కటి యూనిటుగ తీసికొని చేయదగిన పనులు కలవు. ఏ బడిలో ఎందఱు ఉపాధ్యాయులున్నారు, ఏ తరగతికి ఎవరు చెప్పుదురు, మరుగుదొడ్డి, మంచినీరు ఉన్నవా యను వివరములను ఏటేట సులభమైన తెలుగున వ్రాసి పంచాయతీ గోడకు అంటింపవలయును; చదువురాని తల్లులకు చదివి వినిపింపవలయును. ఒక బడిని చాలమంది కోరినప్పుడు సిఫారసులకు తావియ్యక చీట్లు వేయవలయును. మారిన పిల్లకు వాహన మేర్పఱుపవలయును. లేనిచో ఎన్నిక సైకిలు గల తండ్రికే దక్కును. అందఱు విడిచిపోవుచున్న బడిని శిక్షగ మూయరాదు. అచ్చట మిగిలినవారు పోలేనివారే గనుక, దానికే ముందుగ నుపాధ్యాయుని పంపవలయును. మన సీమలో చిన్న బడిని మూయుట యనగా పలుచోట్ల ఆడుపిల్ల చదువును మూయుట.

వీథిబడి కాలమున ఎన్నిక కొలదిమందిది. బోర్డు కాలమున బడి యందఱిదయ్యెను, ఎన్నిక యెవరిదియు గాదు. రెంటిని కలుపుట మన తరమువారి పని. ఈ పత్రికను చదువు సంసారులలో పెక్కండ్రు తమ బిడ్డలకు బడిని ఇదివఱకే యెన్నుకొనియుందురు. తమ యింట పనిచేయు స్త్రీ బిడ్డ యే బడికి పోవుచున్నదో, ఆ బడిని ఎవరు ఎన్నుకొనిరో యొకమా రడిగి తెలిసికొందురుగాక. బదిలీపత్రమునకై యామె ఎక్కి దిగుచున్న మెట్లను ఒకసారి ఆమెతో కూడ ఎక్కినచో, ఆ 5 వ విభాగము కాగితమునుండి లేచి నడచును.